అప్‌డేట్: హాల్ నిండా పిల్లల బొమ్మలే, ఏం చెయ్యాలి అని అడిగాను కదా

చాలామంది సగం దాచేసి మార్చి మార్చి ఇవ్వమన్నారు, అదే చేశా. సంచుల్లో కట్టి అటకెక్కించా, సెల్స్ తీసేసి మరీ, లేకపోతే కారిపోయి లోపల తుప్పు పడుతుంది. గోల చేస్తారనుకుంటే చిన్నోడు జేసీబీ ఒక్కటే అడిగాడు, దించి ఇచ్చేశా. బ్లాక్స్‌కి బుట్టలు పనిచెయ్యలా, పాత దుప్పటి పరిచి దానిమీదే ఆడించి, అయ్యాక నాలుగు మూలలు పట్టుకుని డబ్బాలోకి కుమ్మరించడమే, కాళ్ళకి గుచ్చుకోవడం బాగా తగ్గింది. బాగున్నవి కొన్ని మా వీధి అంగన్‌వాడీ టీచర్‌ని అడిగి ఇచ్చేశా. ఏటికొప్పాక లక్కబొమ్మలు మాత్రం ఇవ్వను బాబూ, అవి బొమ్మల కొలువుకి కావాలి. ఇక మా అత్తగారు వచ్చినప్పుడల్లా ఓ ప్లాస్టిక్ కారు తెస్తారు, ఈసారి రంగు పెన్సిళ్ళు తెమ్మని మా ఆయనతో చెప్పించా, చూడాలి.