పాత హ్యాండ్ డ్రిల్లు చక్‌లో స్ప్రింగులు పోయాయి, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న – గొల్లపల్లి, బొబ్బిలి

అందరికీ నమస్కారం. మాది వీణలు చేసే ఇల్లు. తీగలు బిగించే బిరడల రంధ్రాలకు ముందుగా సన్నని బెజ్జం వేయడానికి మా తాతగారు వాడిన, మిల్లర్స్ ఫాల్స్ అనే అమెరికా కంపెనీ 2వ నంబరు హ్యాండ్ డ్రిల్లు ఇటీవల అటక మీద దొరికింది. రెండు రోజులు కిరోసిన్‌లో నానబెట్టాక పళ్ళ చక్రం తిరిగింది, దాని మీది ఎర్ర రంగు కూడా కొంత బయటపడింది. అయితే బిట్టును (రంధ్రం వేసే ములుకును) పట్టి ఉంచే చక్ లోపల మూడు దవడల మధ్య ఉండవలసిన మూడు స్ప్రింగుల్లో ఒక్కటే మిగలడం వల్ల, చక్ వదులు చేసినా దవడలు సమంగా విచ్చుకోక బిట్టును వంకరగా పట్టుకుంటున్నాయి. పక్క పిడి కూడా లేదు. కరెంటు డ్రిల్లు పనస చెక్కలో అంచులు లేపేస్తోంది కాబట్టి దీన్నే మళ్ళీ పనిలో పెట్టాలని నా పట్టుదల. చక్ మొత్తం మార్చేయమని ఇద్దరు చెప్పారు. నాకు మనసు ఒప్పడం లేదు.

జవాబు – శ్రీకాకుళం, లేత్ పని

చక్ మార్చవద్దండీ. దవడలు అరిగిపోకపోతే మీకు కావలసింది చిన్న స్ప్రింగులు మాత్రమే, వాటికి పనికివచ్చే తీగ మీ ఇంట్లోనే ఉంది. వీణకు కట్టే ఉక్కు తీగ గట్టి స్ప్రింగు గుణం ఉన్న తీగే. మిగిలిన స్ప్రింగు తీగ మందాన్ని కొలిచి, మీ తీగల్లో దానికి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకోండి. మంద్రానికి వాడే చుట్టు తీగ మాత్రం పనికిరాదు. చుట్టి వదలగానే తీగ కొంత విచ్చుకుంటుంది కాబట్టి, కావలసిన లావు కంటే సన్నని మేకు మీద చుట్టాలి. నిప్పు మీద మాత్రం కాల్చకండి, కాలిస్తే తీగ చచ్చుబడిపోతుంది.

పాత స్ప్రింగు పొడవును నమ్మవద్దు, అది ఏళ్ళ తరబడి నలిగి కుంచించుకుపోయి ఉంటుంది. మూడూ కొత్తవే, ఒకే పొడవుతో చేసుకోండి. దవడల పక్కన ఉన్న చిన్న గుంటల్లో కాస్త గ్రీజు పెట్టి స్ప్రింగులను అందులో నిలిపితే, చక్ తొడుగులోకి దించేటప్పుడు ఎగిరిపోవు. ఈ పని తెల్లని గుడ్డ పరుచుకుని దాని మీద చేయండి.

జవాబు – విజయనగరం

పై వారు చెప్పినదంతా సరైనదే. పక్క పిడి విషయంలో నాకు జరిగిన నష్టం చెబుతాను. పిడిని ఫ్రేముకు బిగించేది మర (స్క్రూ చుట్లు); అమెరికా డ్రిల్లు మరకు కోణం 60 డిగ్రీలు, ఇంగ్లండు విట్‌వర్త్ మరకు 55. నేను పిడి చేయించిన షాపులో ఆ తేడా చూడకుండా విట్‌వర్త్ డైతో (మర కోసే పనిముట్టుతో) మర కోశారు. రెండు చుట్లు ఎక్కి పిడి బిగుసుకుంది. నేను బలవంతంగా తిప్పడంతో పోత ఇనుప ఫ్రేములోని మర చితికిపోయింది. అందుకే ముందు థ్రెడ్ గేజ్ (మర కొలిచే సాధనం) పెట్టి అంగుళానికి ఎన్ని చుట్లో, కోణమెంతో రాసుకుని, ఆ తర్వాతే ఇనుప కడ్డీకి మర కోయించండి. చెక్క భాగాన్ని మీరే మాకంటే బాగా చేసుకోగలరు.

తిప్పినప్పుడు గరగర శబ్దం వస్తే లోపలి బేరింగ్ గుళ్ళు చూడండి. అంగుళం కొలతల గుళ్ళు సైకిల్ షాపుల్లో దొరుకుతాయి, పెడల్‌లో సాధారణంగా వాడేవి 5/32 అంగుళం. ఒక్క గుండు పోయినా మొత్తం మార్చాలి, ఎందుకంటే అరిగిన వాటి మధ్య కొత్తది పెడితే బరువంతా దాని మీదే పడుతుంది. పళ్ళ చక్రం విరిగితే మాత్రం అదే నంబరు డ్రిల్లు మరొకటి పాత ఇనుము కొట్లలో వెతకడం తప్ప నాకు వేరే మంచి మార్గం కనిపించలేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పంచమం తీగతో మూడు స్ప్రింగులూ చుట్టాను. మొదటివి పొడవెక్కువై తొడుగు ఎక్కలేదు, రెండోసారి సరిపోయాయి. ఇప్పుడు రెండు నూళ్ళ (పావు అంగుళం) బిట్టు నిటారుగా నిలుస్తోంది. గేజ్ కోసం ఆదివారం విజయనగరం వస్తున్నాను, ఫ్రేము కూడా వెంట తెస్తాను.