మెదడు దెబ్బ తర్వాత ఆగని తీపి యావ: మీరెలా తట్టుకుంటున్నారు?

నాలుగింటికి_నీరసం:

అందరికీ నమస్కారం. కిందటేడాది మెట్ల మీద కాలు జారి వెనక్కి పడ్డాను. తల వెనక భాగం గట్టిగా తగిలి లోపల రక్తస్రావం అయింది. ఆపరేషన్ దాకా పోలేదు గానీ తర్వాత ఫిట్స్ రావడంతో వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టారు, ఇంకా వాడుతున్నాను. నడక, మాట బాగానే ఉన్నాయి. లెక్కలు చూసే ఉద్యోగం నాది, ఇప్పుడు ఒక పూట మాత్రమే వెళ్తున్నాను.

నా బాధ తీపితో. ఇదివరకు నేను పక్కా కారం మనిషిని. ఎవరైనా కేకు పెడితే మర్యాదకి ఓ ముక్క కొరికి పక్కవాళ్ళకి ఇచ్చేసేదాన్ని. ఇప్పుడు భోజనం చేసి చెయ్యి కడుక్కునేలోపే నోరు పీకుతుంది. అది ఆకలి కాదు, కడుపు నిండే ఉంటుంది. సాయంత్రం నాలుగైతే మరీ ఘోరం. తల బరువెక్కిపోతుంది, ఎదుటివాళ్ళు చెప్పేది బుర్రకెక్కదు. అప్పుడు చక్కెర డబ్బా తీసి ఉత్త చక్కెరే చెంచాతో తినేస్తాను. కాసేపు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, ఆ తర్వాత ముందుకన్నా ఎక్కువ నీరసం. పాత బట్టలేవీ పట్టడం లేదు.

మా ఆయన డబ్బా తీసుకెళ్ళి పై అరలో పెట్టారు. నేను కుర్చీ వేసుకుని ఎక్కడం మొదలుపెట్టాను. తల తిరిగే మనిషి కుర్చీ ఎక్కడం ఎంత తెలివైన పనో మీకు వేరే చెప్పక్కర్లేదు. మా అత్తగారేమో "మెదడుకి చక్కెర కావాలి, అందుకే అడుగుతోంది, తిననివ్వండి" అంటారు. డాక్టరుగారు "కంట్రోల్ చేసుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎలాగో చెప్పలేదు.

నిజం చెప్పాలంటే నాకు పూర్తిగా మానేయాలని లేదు. రోజు మొత్తంలో రుచిగా అనిపించేది అదొక్కటే. ఒళ్ళు పాడుచేసుకోకుండా ఈ యావ తీర్చుకునే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

---

ముక్కున్నా_లేనట్టే:

మీరు రాసిన చివరి మాటల దగ్గర ఆగిపోయాను. "రుచిగా అనిపించేది అదొక్కటే" అన్నారు. మీకు వాసనలు తెలుస్తున్నాయా అండీ? తెలుస్తున్నాయని చటుక్కున అనేయకండి. కళ్ళు మూసుకుని కూర్చుని, కాఫీ పొడో వెల్లుల్లో ముక్కు దగ్గర పెట్టమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి. ఏం పెడుతున్నారో, ఎప్పుడు పెడుతున్నారో మీకు చెప్పకూడదు.

ఎందుకు అడుగుతున్నానంటే, తల వెనక దెబ్బ తగిలినవాళ్ళలో వాసన పోవడం ఎక్కువ. ముక్కు పైన జల్లెడలా చిల్లులున్న పల్చటి ఎముక ఉంటుంది. వాసన నరాల పోగులు ఆ చిల్లుల్లోంచే మెదడులోకి వెళ్తాయి. కుదుపుకి మెదడు ముందుకీ వెనక్కీ ఊగినప్పుడు ఆ సన్నటి పోగులు తెగుతాయి. నాకు అలాగే పోయింది. ఆసుపత్రిలో నడిపించి చూశారు, లెక్కలు అడిగారు, కళ్ళలో లైటు వేశారు. ముక్కు సంగతి ఒక్కరూ అడగలేదు.

మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. నాలుక తనంతట తాను పట్టేవి తీపి, ఉప్పు, పులుపు, చేదు, ఇంకా టమాటాల్లోనూ పుట్టగొడుగుల్లోనూ ఉండే ఉమామి. అంతే. వాసన పోయిందంటే ఒక కూరకీ ఇంకో కూరకీ తేడా పోయినట్టే. తీపి మాత్రం చెక్కుచెదరకుండా దక్కుతుంది. ఇక మనిషి దానికి కాక దేనికి ఎగబడతాడు? మీ యావకి ఇదే కారణమైతే దాన్ని జిహ్వచాపల్యం అనడం అన్యాయం.

నా మటుకు నేను ముక్కుతో పనిలేని వాటిని వెతుక్కున్నాను. అల్లం ఘాటు, మిరియాల మంట, పుదీనా చల్లదనం తెలిసేది వాసన నరం ద్వారా కాదు. వాటికి ట్రైజెమినల్ అని వేరే నరం ఉంది, అది మామూలుగా బాగానే ఉంటుంది. అలాగే కరకర, వేడి, చల్లదనం. గట్టి పెరుగులో గడ్డకట్టిన పండ్ల ముక్కలు వేసి, కాస్త నిమ్మరసం పిండి, పైన వేయించిన వేరుశెనగ గుళ్ళు చల్లుకుని తినండి. వాసన లేకపోయినా నోటికి కావలసినంత పని దొరుకుతుంది.

ఇంకోటి. బాగా పండిన అరటిపండుని చక్రాల్లా కోసి, ఒకదానికొకటి అంటుకోకుండా పళ్ళెంలో పరిచి ఫ్రీజర్లో పెట్టండి. నోట్లో వేసుకోగానే పళ్ళు జివ్వుమంటాయి. కొరకబోతే లొంగదు. నాలుక మీద అటూ ఇటూ దొర్లించాలి, అప్పుడు అంచులు మెత్తబడి మెల్లగా క్రీములా జారుతుంది. ఒక్క చక్రం అయ్యేసరికి బోలెడంత సేపు పడుతుంది. చెంచా చక్కెర అయితే గుటకేసేలోపు మాయం.

వాసన లేదని తేలితే తిండి సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు పొగ అలారం, గ్యాస్ లీక్ అలారం పెట్టించండి. తెరిచిన పాల డబ్బా మీద తేదీ రాయండి.

---

చక్కెరడబ్బా_కాపలా:

మా ఆయనకి దెబ్బ నుదుటి వైపు తగిలింది. వాసనలు తెలుస్తాయి, రుచులూ తెలుస్తాయి, లేనిది బ్రేకు. చాలు అని చెప్పే భాగానికే దెబ్బ తగిలిందని న్యూరో సైకాలజిస్టు వివరించారు. కనిపిస్తే తింటారు. కనిపించకపోతే అడగరు కూడా. పైగా తిన్నది గుర్తుండదు.

అందుకని మా ఇంట్లో యుద్ధమంతా చూపు దగ్గరే. గాజు సీసాలు తీసేశాను, లోపల ఏముందో కనపడని డబ్బాలే వాడతాను. రోజుకి ఒక చిన్న డబ్బా, మూత మీద ఆ రోజు తేదీ. అందులో ఖర్జూరాలు, బాదం పప్పులు, ఓ చాక్లెట్ ముక్క ఉంటాయి. అది ఆయనది, ఉదయమే తినేసినా నేను కిక్కురుమనను. ఖాళీ డబ్బాని మాత్రం రాత్రిదాకా కడగను, బల్ల మీదే ఉంటుంది. "నాకేం పెట్టలేదు" అన్నప్పుడు వాదించను, డబ్బా ఆయన ముందుకి జరుపుతాను. మూత తీసి చూసి, అడుగున చాక్లెట్ కాగితం ఉంటే ఊరుకుంటారు. కాగితం పారేసిన రోజు గొడవే.

"వద్దు" అనే మాట ఇంట్లో మానేశాను. ఆ మాట వింటే ఆయనకి కోపం ఒక్కసారిగా నషాళానికి అంటుతుంది. "ఇప్పుడు పండు తినండి, టీతో పాటు బిస్కెట్" అంటే వింటారు.

మీ ఆయనకి నా మాటగా చెప్పండి, ఆ డబ్బా కిందకి దింపమని. పడిపోయే మనిషి ఉన్న ఇంట్లో పై అరలో దాచకూడదు. దాచాలనుకుంటే అసలు కొనకుండా ఉండటం మేలు.

---

నాలుగింటికి_నీరసం:

పరీక్ష అయింది. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. "ఊఁ, పెట్టరా" అన్నాను. "పెట్టి చాలాసేపయిందమ్మా" అన్నాడు మా అబ్బాయి. కళ్ళు తెరిచి చూస్తే చిదిపిన వెల్లుల్లి రెబ్బ నా ముక్కుకి ఆనించి పట్టుకుని ఉన్నాడు.

కాసేపు ఏడ్చాను. మా ఆయన మాత్రం హమ్మయ్య అనుకున్నట్టున్నారు, ఆయన వంట మీద పడ్డ నిందలన్నీ ఒక్క దెబ్బతో కొట్టుకుపోయాయి కదా. డబ్బా కిందకి దిగింది. అలారాలు తెప్పిస్తున్నాం.

మరి నాలుగింటి సంగతేమిటి? ఆ నీరసానికీ ముక్కుకీ సంబంధం ఉందంటారా?

---

నాన్నకోసం:

మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. మా నాన్నకి దెబ్బ తర్వాత మింగడం కష్టంగా ఉంది. నీళ్ళు కూడా పొడి కలిపి చిక్కగా చేసి ఇస్తున్నాం. రోజూ ఐస్‌క్రీం కావాలంటున్నారు. అది గట్టిగానే ఉంటుంది కదా, ఇవ్వొచ్చా?

---

స్పీచ్_థెరపిస్ట్‌ని:

నాన్నకోసం గారూ, వద్దండి. ఐస్‌క్రీం చెంచాలో ఉన్నంతసేపే గట్టిది, నోటి వేడికి నీళ్ళయిపోతుంది. జెల్లీ కూడా అంతే. పల్చటి ద్రవం మింగడానికి సిద్ధం కాకముందే గొంతులోకి జారి ఊపిరితిత్తుల వైపు పోవచ్చు. మెదడు దెబ్బ తిన్నవాళ్ళలో కొందరికి అలా పోయినా దగ్గు రాదు. అందుకని దగ్గడం లేదు కదా అని ధీమాగా ఉండకూడదు, న్యుమోనియా వచ్చాకే తెలుస్తుంది.

ద్రవాల చిక్కదనానికీ ఆహారం మెత్తదనానికీ ఐడీడీఎస్ఐ అని 0 నుంచి 7 దాకా మెట్లున్నాయి. నాన్నగారు ఏ మెట్టులో ఉన్నారో ఆయన్ని చూసే థెరపిస్టుని అడిగి, ఆ మెట్టుకి సరిపడే తీపి చెప్పించుకోండి. చాలామందికి ఉండలు లేని చిక్కటి పుడ్డింగో, నీరు వేరుపడని పండు గుజ్జో కుదురుతుంది. మీ నాన్నగారికి ఏది కుదురుతుందో చూడకుండా నేను చెప్పకూడదు. తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి. తిన్నాక బలహీనంగా ఉన్న వైపు బుగ్గలోపల చూడండి. అక్కడ తీపి ఇరుక్కుని, ఆయనకి తెలియకుండానే పళ్ళు పుచ్చిపోతాయి.

పైన చెప్పిన గడ్డకట్టిన అరటి చక్రాలు కూడా మీ నాన్నగారికి పెట్టకండి.

---

ఆరు_చెంచాలు:

డైటీషియన్‌ని. పునరావాస విభాగంలో చాలాకాలం పనిచేశాను.

మీ అత్తగారిది సగం నిజం. శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతమే ఉన్నా, ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం దానిదే. రోజుకి 120 గ్రాముల దాకా గ్లూకోజ్ వాడుకుంటుంది. కానీ ఆ గ్లూకోజ్ చక్కెరగానే లోపలికి పోవాలన్న రూలు లేదు. ధాన్యాలు, పప్పులు, పండ్లు అన్నింట్లోంచీ వస్తుంది. భోజనానికీ భోజనానికీ మధ్య కాలేయం చూసుకుంటుంది. చక్కెర ఎక్కువ తింటే మెదడు త్వరగా మానుతుందనేది మాత్రం ఒట్టిది.

నాలుగింటి నీరసానికి అసలు పేరు మెదడు అలసట. పొద్దున్నంతా అంకెలతో కుస్తీ పట్టిన మెదడు అప్పటికి చేతులెత్తేస్తుంది. చక్కెర దానికి విశ్రాంతి ఇవ్వలేదు. మూడున్నరకే, అంటే యావ మొదలవకముందే, ఫోన్ పక్కన పడేసి చీకటి గదిలో కాసేపు పడుకోండి. లేచాక ప్రొటీన్ ఉన్నదేదైనా తిని, ఆ తర్వాత మీ తీపి తినండి. వరస మార్చకండి. ఇంకో ప్రశ్న, రాత్రి నిద్ర ఎలా ఉంది? నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలీ, తీపి మీద మనసూ రెండూ పెరుగుతాయి.

మందు మాట. వాల్‌ప్రోయేట్‌తో ఆకలి, బరువు పెరగడం బాగా తెలిసిన సంగతే. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, ఫిట్స్ తిరగబెడతాయి. బరువు ఎంత పెరిగిందో రాసుకెళ్ళి న్యూరాలజిస్టుని నేరుగా అడగండి: మార్చే వీలుందా, మోతాదు చూస్తారా అని. పనిలో పనిగా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి హార్మోన్ల పరీక్ష కూడా అడగండి. తల దెబ్బతో ఆ గ్రంథి మందగించడం అరుదేమీ కాదు. దాంతో కార్టిసాల్, థైరాయిడ్ హార్మోన్లు తగ్గినా ఇలాంటి నీరసమే ఉంటుంది. యావతో పాటు చెమట, వణుకు కూడా వస్తుంటే ఆ క్షణంలోనే రక్తంలో చక్కెర చూడాలి. అప్పుడది యావ కాకపోవచ్చు.

ఎంత తినొచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం విడి చక్కెరలు రోజు శక్తిలో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపైతే ఇంకా మంచిది. 2000 కేలరీలు తినేవారికి ఆ 5 శాతం 25 గ్రాములు, అంటే ఇంచుమించు ఆరు టీ చెంచాలు. తేనె, పండ్ల రసం కూడా ఇందులోకే వస్తాయి, పండుని పండుగా తింటే రాదు. మీకు షుగర్ వ్యాధి లేకపోతే ఆ ఆరూ మీవే. దొంగచాటుగా తినకండి, కూర్చుని తినండి. టీలో ఎంత పోతోందో కూడా లెక్కేసుకోండి, చాలామందికి సగం అక్కడే అయిపోతుంది.

చక్కెర బదులు వాడే కృత్రిమ తీపి మీద ఆశ పెట్టుకోకండి. బరువు తగ్గడానికి వాటిని వాడొద్దని 2023లో అదే సంస్థ సూచించింది.

---

నాలుగింటికి_నీరసం:

టీ లెక్క వేశాను. ఏమీ చెప్పను, ఊహించుకోండి.

మూడున్నరకి పడుకోవడం మొదలుపెట్టాను. యావ పోలేదు గానీ ఆ కంగారు తగ్గింది, చెంచా కోసం పరుగెత్తడం లేదు. నిద్ర సంగతి అడిగారు కదా, అది అధ్వాన్నమే, డాక్టరుగారి కోసం రాసుకున్న చీటీలో దాన్నీ చేర్చాను. అల్లం, నిమ్మకాయ, మిరియాలు కలిపి చేసిన వేడి సూప్ తాగితే చాలాకాలం తర్వాత నోట్లో ఏదో ఉన్నట్టు తెలిసింది. అరటి చక్రాలు మాత్రం మా అబ్బాయి ఫ్రీజర్లోంచే ఖాళీ చేస్తున్నాడు. వాడికీ తేదీ వేసిన డబ్బా పెట్టాలేమో.

ముక్కు గారూ, ఇది తిరిగొస్తుందా?

---

ముక్కున్నా_లేనట్టే:

కొందరికి వస్తుంది, ఎక్కువగా మొదటి ఏడాదిలో. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ ఉన్నారు. నాకు రాలేదు. ముక్కు, చెవి, గొంతు డాక్టరుకి ఒకసారి చూపించుకోండి. వాసన సాధన అని ఒకటి నేర్పుతారు. గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం, ఈ నాలుగు నూనెల్ని రోజుకి రెండు పూటలా, ఒక్కోదాన్ని కాసేపు, ఏం వాసన చూస్తున్నారో మనసులో తలుచుకుంటూ పీల్చాలి. నెలల తరబడి చెయ్యాలి. జలుబులాంటి వైరస్ జబ్బుతో వాసన పోయినవాళ్ళకి పనిచేసినంతగా దెబ్బతో పోయినవాళ్ళకి పనిచేయదు. నష్టం మాత్రం లేదు.

ఒకవేళ తిరిగొస్తే మొదట్లో వంకరగా రావచ్చు. కాఫీ కాలిన రబ్బరులా, చాక్లెట్ మురుగులా అనిపించవచ్చు. బెంబేలెత్తకండి. అప్పుడు వేడి తిండి జోలికి పోకుండా చల్లారినవి, ఫ్రిజ్‌లోంచి తీసినవి తినండి. చల్లటివి వాసన తక్కువ వదులుతాయి, తేలిగ్గా లోపలికి పోతాయి.