దాల్ లేక్ సాయంత్రం, అక్రిలిక్: నీళ్లు గోడలా కనిపిస్తున్నాయి

కుంచెపెట్టె:
18×24 అంగుళాల క్యాన్వాస్. హజ్రత్‌బల్ వైపు ఒడ్డు నుంచి తూర్పుకి చూసినట్టు: జబర్వాన్ కొండలు, అవతలి ఒడ్డున ఆకులు పండిన చినార్ చెట్లు, కదలని నీళ్లు. ఆకాశానికి కాడ్మియం ఆరెంజ్ వేశాను. కొండల్నీ చెట్లనీ అవే రంగులతో తలకిందులుగా నీళ్లలోకి దించాను. నీళ్లు పరుచుకున్నట్టు లేవు, నిలబడ్డట్టున్నాయి. బ్లెండ్ చేయబోతే ఆరెంజ్, నీలం కలిసి బురదవుతోంది. ఏం చేయాలి?

నీలిమందు:
నీళ్ల సంగతి తర్వాత, ముందు ఆకాశం చూడండి. తూర్పుకి చూస్తున్నారంటే సూర్యుడు మీ వీపు వెనక ఉన్నాడు. ఎండ పడేది కొండల మీదా చినార్ల మీదా. వాటి వెనక ఆకాశం ఆరెంజ్‌గా ఉండదు. కింద మసక ఊదా, దాని పైన లేత గులాబీ, ఇంకా పైకి నీలం. ఆరెంజ్ ఆకాశమే కావాలంటే తూర్పు ఒడ్డున ఉన్న నిషాత్ తోట వైపు నుంచి పడమటికి తిరగాలి. అప్పుడు కోట ఉన్న హరి పర్బత్ గుట్ట నల్లగా తేలుతుంది, చెట్లు కూడా ముదురు గోధుమే. రెండూ ఒకే బొమ్మలో పెడితే ఎంత బాగా వేసినా అతకదు.

ఇక నీళ్లు. వస్తువులో ముదురు భాగం నీళ్లలో ఒక మెట్టు లేత, లేత భాగం ఒక మెట్టు ముదురు. ఆకాశం కూడా తిరగబడాలి: కొండల దగ్గరి లేత రంగు అవతలి ఒడ్డు పక్కన, నడినెత్తి నీలం మీ కాళ్ల దగ్గర. మీ దగ్గరి నీళ్లలోకి పైనుంచి తొంగి చూస్తాం కాబట్టి అక్కడ ప్రతిబింబం పలచబడి, నీటి సొంత పచ్చ-నలుపు బయటపడుతుంది. ఈ తేడా లేకపోతేనే గోడ.

చెరువుగట్టు:
పై మాటకి ఒకటి కలుపుతా. ప్రతిబింబం అంటే తిప్పిపెట్టిన ట్రేసింగ్ కాదు. ఒడ్డు మీది చెట్టు దాదాపు అదే ఎత్తులో దిగుతుంది. వెనక దూరాన ఉన్న కొండ మాత్రం నీళ్లలో చెట్ల వెనక కాస్త ఎక్కువ దాక్కుంటుంది. మీరు ఎంత ఎత్తున నిలబడితే ఈ తేడా అంత పెరుగుతుంది. షికారా పడవలో కూర్చుంటే తక్కువ. ఒడ్డు గీత మాత్రం స్కేలుతో సరిచూడండి. అది రవ్వంత వాలినా సరస్సు ఒలికిపోతున్నట్టుంటుంది.

బురద విషయం: ఆరెంజ్‌ని తగ్గించడానికి నీలం కావాలి, కానీ ప్యాలెట్ మీద కలపండి, క్యాన్వాస్ మీద కాదు. ఆరెంజ్, బర్న్ట్ సియెన్నా (ఎర్రగోధుమ), బ్రష్ కొసకి అంటినంత అల్ట్రామెరీన్ నీలం. అక్రిలిక్ ఆరాక ముదురుతుంది, కాబట్టి ముందు చిన్న కాగితం మీద ఆరబెట్టి చూడండి.

కుంచెపెట్టె:
ధన్యవాదాలండి. ఆకాశం మార్చేస్తాను. నీళ్ల మీద గ్లేజ్ (పారదర్శకమైన పలచటి రంగు పొర) వేస్తే సరిపోతుందా, గెస్సో (క్యాన్వాస్‌కి వేసే తెల్ల అడుగుపూత) కొట్టాలా?

చెరువుగట్టు:
గెస్సో అక్కర్లేదు. గట్టు కట్టిన గీతలుంటే 400 నంబర్ గరుకు కాగితంతో తడిపి రుద్ది, ఆరాక పైనే వేయండి. రంగు త్వరగా ఆరకుండా కలిపే రిటార్డర్ పది శాతం దాటనివ్వకండి, దాటితే పొర జిగటగా ఉండిపోతుంది. అంగుళంన్నర ఫ్లాట్ బ్రష్‌తో రంగుల్ని నిలువుగా కిందికి లాగండి. తడి ఆరకముందే పొడి బ్రష్‌తో అడ్డంగా ఒకేసారి, తాకీతాకనట్టు. రెండోసారి తిప్పారో, మళ్లీ బురదే.

అలలకి తెల్లరంగు వాడొద్దు. చెట్ల ప్రతిబింబాన్ని కోస్తూ ఆకాశం రంగుతో రెండు మూడు అడ్డగీతలు, దూరాన వెంట్రుకంత, దగ్గర్లో కాస్త వెడల్పుగా. తేలే చినార్ ఆకులు వేస్తే ముందువరసలోనే, బాగా చదునుగా. గుండ్రంగా వేస్తే గాల్లో ఎగురుతున్నట్టుంటాయి.