పుదుచ్చేరిలో బస: చైన్ హోటలా, బొటిక్ హోటలా?

కోనసీమ కోడలు:
డిసెంబరు ఆఖరులో అత్తమామలతో, ఎనిమిదేళ్ళ పాపతో పుదుచ్చేరి వెళుతున్నాము. వైట్ టౌన్‌లో (పాత ఫ్రెంచి పేట) పాత ఫ్రెంచి ఇళ్ళను బాగుచేసి నడుపుతున్న చిన్న బొటిక్ హోటళ్ళ మీదికి మనసు పోతోంది. కానీ దాదాపు అదే ధరకు, కాస్త దూరంలో, ఈతకొలను ఉన్న చైన్ హోటల్ దొరుకుతోంది. మామగారికి మోకాళ్ళ నొప్పులు. అక్కడ బస చేసినవారు సలహా ఇవ్వగలరు.

యానాం వాసి:
మా యానానికి ఆ ఊరే రాజధాని కనుక ఆఫీసు పనుల మీద తరచుగా వెళ్ళక తప్పదు. అర్ధరాత్రి చేరినా తాళంచెవి ఇచ్చే మనిషి, జీఎస్టీ నంబరుతో బిల్లు, లిఫ్టు కావాలి కాబట్టి నేను చైన్ హోటల్‌లోనే దిగుతాను. అక్కడి గదిని చూసి ముచ్చటపడేదేమీ లేదు, ఇబ్బందిపడేదీ లేదు. పాత ఇళ్ళలో గదులు బాగా ఎత్తుగా ఉంటాయి కనుక ఒక్క అంతస్తు ఎక్కడానికే చాలా మెట్లుంటాయి, లిఫ్టు అరుదు. మీ మామగారి విషయంలో ముందు ఆలోచించవలసింది ఇదే.

విశాఖ తీరం:
మెట్ల మాట నిజమే కానీ, అంతమాత్రాన బొటిక్ హోటళ్ళను కొట్టిపారేయనవసరం లేదు. ఆ ఇళ్ళలో ఏ రెండు గదులూ ఒకేలా ఉండవు కాబట్టి హోటల్ పేరు చూసి కాకుండా, ఫలానా గది అని అడిగి ఖాయం చేసుకోవాలి. మేము దిగిన చోట మాకిచ్చిన గది తలుపు తీస్తే నడిమి ముంగిట్లోని రెస్టారెంటు బల్లలే ఎదురయ్యేవి. రాత్రి పదకొండు దాటేదాకా పళ్ళేల చప్పుడు, ఎవరివో పుట్టినరోజు పాటలు. అదే ఇంట్లో వెనుకవైపు గదిలో దిగిన మా మరిదిగారు మాత్రం హాయిగా నిద్రపోయారు.

కాగితప్పడవ:
వైట్ టౌన్‌ను వేరుచేసే కాలువకు పడమటి వైపున్న తమిళ వీధులను కూడా చూడండి. పెరుమాళ్ కోయిల్ వీధిలోని మెజోఁ పెరుమాళ్ వంటి హోటళ్ళు, వీధి అరుగుతో, నాలుగువైపులా వసారాలతో, అచ్చం మన మండువా లోగిళ్ళలాగే ఉంటాయి. పెద్దవాళ్ళకు ఫ్రెంచి ఇళ్ళకంటే ఇవే నచ్చుతాయని నా అభిప్రాయం. సముద్రం ఒడ్డునున్న గూబేర్ అవెన్యూలోకి సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఏడున్నర దాకా వాహనాలను రానివ్వరు కనుక, ఆ వరుసలో బస చేస్తే సామాను మోసుకుంటూ నడవవలసి రావచ్చు.

లెక్కల పంతులు:
పన్ను కలిపి ధరలు పోల్చండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ. 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే రూ. 7,400 గదికి మొత్తం 7,770 అయితే, రూ. 7,600 గదికి 8,968 అవుతుంది. ఏడాది చివర చిన్న హోటళ్ళు కూడా సులువుగా ఈ గీత దాటుతాయి.

కోనసీమ కోడలు:
అందరికీ ధన్యవాదాలు. తమిళ వీధుల్లోని ఒక హోటల్‌కు ఫోన్ చేసి కింది అంతస్తు గది అడిగితే, స్నానాలగది ఫొటో కూడా పంపారు. గడప తప్ప మెట్టు లేదు. పాపకు ఈతకొలను లేదన్న అలక మాత్రం మిగిలింది.

యానాం వాసి:
మంచిదండి. ఆ గదినే ఇస్తామని మెయిల్‌లో రాయించుకుని, రద్దు చేస్తే ఎంత తిరిగిస్తారో కూడా అడిగిన తరువాతే డబ్బు కట్టండి.