‘కుట్టుకున్నా’ అంటే చాలదా, ‘నేనే’ అని కూడా అనాలా?

గుంపులో పెద్దలకు ఒక సందేహం. ఈ ఎండలకు మంగళగిరి నూలు గుడ్డతో వదులుగా ఒక టాప్ కుట్టుకున్నాను. చూసినవాళ్లంతా ‘ఎక్కడ కుట్టించావ్?’ అంటారు. ‘కుట్టుకున్నా’ అంటే ‘అదే, ఎక్కడ?’ అని మళ్లీ అడుగుతారు. ‘నేనే కుట్టుకున్నా’ అంటే గానీ వదలరు.

నన్నడిగితే ఆ ‘నేనే’ దండగ. ‘కుట్టాను’ అంటే పని తెలుస్తుంది, ఎవరికోసమో తెలీదు. ‘కుట్టించుకున్నాను’ అంటే చెయ్యి టైలరుది, ఒళ్లు నాది. ‘కుట్టుకున్నాను’ అంటే రెండూ నావే. సంస్కృతంలో యజమాని తన ఫలం కోసం యాగం చేస్తే ‘యజతే’, ఋత్విక్కు (యాగం జరిపే పురోహితుడు) ఇంకొకరి కోసం చేస్తే ‘యజతి’. ఆ తేడాకి పాణిని సూత్రమే రాశాడు. మనకి ఆ పని క్రియ చివర చేరే ‘కొను’ (‘కుట్టుకున్నా’లో ‘కున్నా’ అయింది అదే) చేసిపెడుతోంది. వండుకున్నా, ఉతుక్కున్నా, గడ్డం గీసుకున్నా అంటే ‘ఎవరిచేత?’ అని ఎవరూ అడగరు కదా. కుట్టు దగ్గరే ఎందుకీ అనుమానం? ఇంట్లో మిషన్ తొక్కేవాళ్లు తగ్గిపోయారనా?

చెయ్యీ ఒళ్లూ ఒకరివే అయితే కొలతలు కూడా మారిపోతాయి. ఛాతీ 38 అయితే టైలర్ మహా అయితే మూడంగుళాలు లూజు ఇస్తాడు. నేను ఎనిమిది ఇచ్చుకున్నా (చూశారా, ఇక్కడా ‘కొను’ వచ్చింది). మొత్తం 46, అంటే ముందుకి 23, వెనక్కి 23. కుట్లకి పక్కకో అంగుళం కలిపితే ఒక్కో ముక్క 25. గుడ్డ పన్నా 44, కాబట్టి పక్కన 19 అంగుళాల వెడల్పు మిగిలింది. చేతులు అందులోనే వచ్చేశాయి. రెండు మీటర్ల గుడ్డ హాయిగా సరిపోయింది. డార్ట్‌లు (ఒంటికి పట్టేలా కుట్టే మడతలు) లేవు, జిప్పు లేదు, తలమీంచి వేసేసుకోవడమే. మెడకి మాత్రం క్రాస్ పట్టీ వేయాలి. ఏటవాలుగా కోసిన గుడ్డ సాగుతుంది గనక గుండ్రటి మెడ చుట్టూ ముడత పడకుండా కూర్చుంటుంది. నిలువుగా కోసిన పట్టీ అయితే అక్కడక్కడా లేచి నిలబడుతుంది. ఇంకోమాట, చేనేత నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. ముందే నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి.

సరే, అసలు చర్చకి రండి.

*

విజయవాడ నుంచి:
మీ లెక్క బాగానే ఉందండీ, మరి ‘ఇల్లు కట్టుకున్నాం’ సంగతేమిటి? చెయ్యి మేస్త్రీది, ఇటుకలు మోసింది కూలీలు. మనం ఒక్క బొచ్చె సిమెంటు కూడా కలపం. అయినా ‘కట్టుకున్నాం’ అనే అంటాం.

— మంచి పాయింటే పట్టారు. సామెత కూడా ‘ఇల్లు కట్టి చూడు’ అనే అంది, ‘కట్టించి చూడు’ అనలేదు. నాకు తోచింది చెప్తా. ఇల్లు కట్టేది మేస్త్రీ అయినా అప్పూ, టెన్షనూ, రోజూ వెళ్లి గోడలు తడపడమూ మనవే. అందుకని ఆ పని మనదే అనుకుంటాం. జాకెట్టు అలా కాదు, కొలతలిచ్చి వచ్చేస్తాం. మహా అయితే పండగ ముందు నాలుగుసార్లు తిరుగుతాం.

కరీంనగర్ నుంచి:
మా దిక్కు ఇంకో చిక్కు ఉంది అక్కా. మేము ‘కుట్టిచ్చిన’ అంటే టైలర్‌తోని కుట్టించిన అని. మా వదినది గుంటూరు. ‘నీకు టాప్ కుట్టిచ్చా కదా’ అన్నది. ఏ టైలర్ దగ్గర అని అడిగితే మొహం మాడ్చుకున్నది. ఆమె కుట్టి, తెచ్చి ఇచ్చిందట!

— ఇది నేను ఊహించలేదు. ‘కుట్టి ఇచ్చా’, ‘కుట్టించా’ రెండూ ఒకే ధ్వనిలోకి వచ్చి పడ్డాయన్నమాట. వదినగారితో మాత్రం ‘కుట్టిపెట్టినవ్’ అనండి, గొడవ ఉండదు. ‘పెట్టు’ చేరిందంటే చెయ్యి ఆవిడది, మేలు మీది.

విశాఖ నుంచి:
‘కుట్టు’ అంటే మొదట గుచ్చడమే అనిపిస్తుంది నాకు. తేలు కుడుతుంది. దారం లేకుండా ఈనెపుల్లలతో విస్తళ్లు కుడతాం. చెవులు కుట్టిస్తాం. ముక్కు దగ్గర మీ ‘కుట్టుకున్నా’ వాడి చూడండి. ‘ముక్కు కుట్టుకున్నా’ అంటే జనం హడలిపోతారు, ‘కుట్టించుకున్నా’ అనే అనాలి.

— హడలిపోతారంటే అర్థమేమిటి? ‘నేనే’ అని చెప్పకపోయినా ‘తనే గుచ్చుకుంది’ అని అర్థమైపోయిందనేగా! నా వాదనకి మీరే సాక్షి.

విజయవాడ నుంచి, మళ్లీ:
ఒప్పుకున్నాం లెండి. మెడ కింద గుండీలు కనిపిస్తున్నాయి ఫొటోలో. కాజాలు కూడా మీరేనా?

— కాజాలు బయట వేయించానండీ, ఒక్కోటి చేత్తో కుట్టే ఓపిక లేక. ఆ మాటా బయటిదే, బట్టలో గుండీ దూరే కంతని పోర్చుగీసువాళ్లు ‘కాసా’ అంటారు. కాబట్టి సరిగ్గా చెప్పాలంటే టాప్ కుట్టుకున్నా, కాజాలు వేయించుకున్నా, గుండీలు మళ్లీ నేనే కుట్టుకున్నా. అయ్యో, ‘నేనే’ వచ్చేసింది.