ఆషాఢం గాలిలో కొండ ఎక్కాలా, మానాలా?

కొండదారి, పర్లాకిమిడి:
మూడేళ్లుగా మా ఊరి పక్క కొండను వారానికి ఐదు పొద్దుటలు ఎక్కుతున్నాను. ఆషాఢం గాలి లేచిందంటే మా జట్టులో సగం మంది రావడం మానేస్తారు. నాకు ఆ రోజుల్లోనే కొండ మీద ఎక్కువ ఇష్టం. పై మలుపు తిరగగానే చొక్కా వీపున బుడగలా ఉబ్బుతుంది. జీడిమామిడి ఆకుల హోరులో పక్కవాళ్ల మాట వినపడదు. గాలికి జడిసి మానితే రేపు చినుకుకూ మానతాం, ఎల్లుండి మంచుకూ మానతాం. మీరేమంటారు?

జీడితోట, కాశీనగర్:
మానాలనే అంటాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు మా తోటలో చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అంతటి గాలిలో ఎవరూ కొండెక్కరు, నిజమే. కానీ మరుసటి ఏడు ఒక మామూలు గాలికి, పచ్చగా కాపుతో ఉన్న చెట్టు కాలిబాటకు అడ్డంగా పడింది. సగం వేళ్లు ఎప్పుడో తెగిపోయిన సంగతి పడ్డాకే తెలిసింది. మీ దారిలో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూశారా?

గుణుపురం మాస్టారు:
గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. గట్టు దాటేచోట గాలి ఇరుకున పడి ఇంకా వేగం అందుకుంటుంది. అందుకే కింద హాయిగా ఉన్న గాలి పైన కాళ్లు కదిపేస్తుంది. అయినా నేను మానమనను. 1501 మీటర్ల మహేంద్రగిరి మీద గాలి లేని రోజు నేను చూడలేదు. శివరాత్రికి జనం వెళ్తూనే ఉన్నారు.

నా భయం వేరే గాలి గురించి. చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నం తిరిగాక, ఉక్కపోతలో ఉన్నట్టుండి చల్లగా ఒంటికి తగులుతుందే, అది. ఒడియావారు కాలబైశాఖి అంటారు. దాని వెనకే పిడుగులుంటాయి, బోడి శిఖరం మీద మీకంటే ఎత్తైనది ఏదీ ఉండదు. అది తగిలితే శిఖరం పది అడుగుల్లో ఉన్నా సరే, వెనక్కి తిరగండి.

నడకబాట, బరంపురం:
అందరూ ఎక్కడం గురించే రాస్తున్నారు. నేను పడింది దిగేటప్పుడు. ఎక్కేటప్పుడు ఎదురొచ్చిన గాలే అదే దారిన దిగేటప్పుడు వెన్ను మీదికొస్తుంది. గులకరాళ్ల వాలులో ఒక్క విసురు నెట్టింది, రెండు అడుగులు నా ప్రమేయం లేకుండా పడ్డాయి, మూడోది పడలేదు. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. అప్పటి నుంచి గాలి రోజున చేతికర్ర లేకుండా బయలుదేరను, పక్కకు తిరిగి చిన్న అడుగులతో దిగుతాను. కొండ మాత్రం మానలేదు.

కొండదారి:
అమ్మా, ఇది నాకు తట్టనే లేదు. ఎప్పుడూ ఎదురుగాలినే లెక్కపెట్టాను.

కాశీనగర్ మిత్రమా, మీ మాట విన్నాక ఈ పొద్దున చెట్లు చూస్తూ ఎక్కాను. కింది మలుపులో రెండు దారి మీదికి ఒరిగి ఉన్నాయి, ఒకదాని మొదట్లో మట్టి నెర్రె విచ్చింది. మూడేళ్లుగా దాని కిందే ఆగి నీళ్లు తాగుతున్నాను. ఇకపై అక్కడ ఆగను. గాలి రోజున పై మలుపు దగ్గర నిలబడి చూస్తాను, కాలు నిలవకపోతే దిగిపోతాను. పూర్తిగా మానడానికి మాత్రం ఒప్పుకోను.

జీడితోట:
పై మలుపు చేరాలంటే ఆ రెండు చెట్లనూ దాటాలి కదండీ. వాటిని కొట్టించేదాకా ఆగండి.