రెడీమేడ్ కుర్తీలతో విసిగిపోయాను, బట్ట కొని కుట్టించుకోవాలంటే?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉంటాను, రోజూ ఆఫీసుకు కుర్తీలే వేసుకుంటాను. ఈ వేసవిలో ఒక పెద్ద షోరూంలో 1,299 రూపాయలు పెట్టి రేయాన్ కుర్తీ కొన్నాను. రెండో ఉతుక్కే రెండంగుళాలు కురచైంది, చంక దగ్గర కుట్టు ఊడింది. మళ్లీ వేయిద్దామంటే లోపల మడత బట్ట పావంగుళం కూడా వదల్లేదు! ఇంకొకదాని మీద ‘కాటన్’ అని ఉంది. అనుమానమొచ్చి ఒక పోగు లాగి కాలిస్తే, కాగితంలా బూడిద కాకుండా కరిగి ఉండకట్టింది. ఇక ఫ్యాషన్ సంగతి, ఎక్కడ చూసినా పైకీ కిందికీ ఒకే బట్టతో కుట్టిన, అవే గోనెసంచుల్లాంటి కోఆర్డ్ సెట్లు. జేబు మాత్రం పెట్టరు.

మా అమ్మ మంగళగిరి చీరకు ఇరవై ఏళ్లు. జరీ కాస్త నల్లబడింది, అంతే. అందుకే చేనేత బట్ట మీటర్ల లెక్కన కొని కుట్టించుకుందామనుకుంటున్నా.

మరమగ్గం బట్టను చేనేత అని అంటగడితే కనిపెట్టడమెలా? చీరలకైతే హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ చూస్తాను. తానులోంచి కోసిచ్చే బట్టకు ఏం చూడాలి? పొందూరు ఖద్దరు ఎండలకు హాయి అంటారు, కానీ సాయంత్రానికి నలిగిపోదా? 44 అంగుళాల పన్నా అయితే మోకాళ్ల కిందికి, ముప్పావు చేతులతో, రెండు జేబులతో ఎన్ని మీటర్లు తీసుకోవాలి? కుట్టించే ముందు ఒక్కసారి తడిపి ఆరబెడితే చాలా?

మా వీధి టైలర్ బ్లౌజుల పనిలో పడి కుర్తీ అంటే నెల తిప్పిస్తాడు. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఓపిగ్గా కుట్టేవాళ్లు ఎక్కడ దొరుకుతారో కూడా చెప్పండి, ప్లీజ్.